నాయనకి బేదులు పట్టిన దినాలు

నేను నాలుగో తరగతి దాంకానే సదువుకున్యా. ఒత్తులు యాడ పెట్టల్లో కూడా సరిగా తెలీదు. రాత బాగలేకుంటే ఏమనుకోవద్దండి.

మాది ధర్మవరం. నేనూ నా మొగుడూ పట్టుచీరలు నేస్తాము. నాయన మా దగ్గరే ఉంటాడు, డెబ్బై దాటినాయి. పోయిన ఎండాకాలం ఆయన కాలికి పుండయి చీము పట్టె. హిందూపురంలో అక్క ఉండాదని అక్కడి ఆస్పత్రిలో చేర్పిస్తిమి. పన్నెండు దినాలు ఉండె. పొద్దునా సాయంత్రం యాంటిబయోటిక్ సూదులు, గ్యాసుకని దినామూ ఒక మాత్ర. పుండు మానిందని సంబరపడి ఇంటికి పిల్చుకొస్తిమి.

నాలుగో దినం బేదులు మొదలాయ. నీళ్ళనీళ్ళగా, పది పన్నెండుసార్లు.

"ఏమ్మే, బతుకంతా మగ్గం గుంతలో కూర్చుంటి. ఇప్పుడు దొడ్లోకి ట్రాన్స్ఫర్ చేసినారు" అని నవ్వె. నేనూ నవ్వితి.

గంజి తాపితి, మజ్జిగన్నం పెడితి. తగ్గకపాయ. పుండు మాన్పిన మందు కడుపుని కూడా మాన్పుతాది కదా అనుకోని, పాత చీటీ ఎత్తుకపోయి మెడికల్ షాపులో ఆ యాంటిబయోటిక్కే మాత్రల్లో తెస్తి. మూడు దినాలు మింగిస్తి. నా సేతులతోనే.

మనిషి వడిలిపాయ. మళ్ళా హిందూపురం పోదామని బస్సెక్కిస్తే, పెనుకొండ రాకముందే గుడ్డలన్నీ ఖరాబాయ. "దింపమ్మే, జనం ముందర మానం పోతాండాది" అని ఏడ్చె. నాయన ఏడ్చేది నేను అంతకుముందు సూడలేదు. పెనుకొండలోనే దిగి ఒక డాక్టరు దగ్గరికి పోతిమి.

చీటీ సూసి ఆయన తల పట్టుకునె. "ఆ మందుకి కడుపులో మంచి క్రిములు కూడా చస్తాయమ్మా. ఆస్పత్రుల్లో ఉండే చెడ్డ క్రిమి ఒకటి అప్పుడు పేగుల్లో పెరుగుతాది. ముసలోళ్ళకి తొందరగా పడతాది. గ్యాసు మాత్ర కూడా దానికి తోడైంటుంది. మీరు మళ్ళా అదే మందు ఇస్తిరి."

పరీక్ష చేస్తే అదే అని వచ్చె.

"ఆయన గుడ్డలు తీసినాక సెయ్యి ఎట్ల కడుగుతాండావు?"

"ఆస్పత్రిలో రాసుకుంటారే సార్, సీసాలో మందు, అదే."

తడిసెయ్యి తగిలితే పట్టుకి మరక పడతాది. అందుకే అది రాసుకోని మగ్గంలో కూర్చుంటాంటి.

"దానికి ఈ క్రిమి చావదమ్మా. సబ్బూ నీళ్ళూ ఉండల్ల."

వేరే మందు ఇచ్చె, బేదులు నిలిచె. మూడు వారాలకి మళ్ళా పట్టుకునె. ఒకసారి వచ్చినోళ్ళకి మళ్ళా వచ్చేది ఎక్కువంట.

ఇది హిందూపురం ఆస్పత్రిలో నాయన మంచం పక్కన కూర్చోని రాస్తాండా. లేసి కూర్చునే శక్తి కూడా లేదు ఆయనకి. నర్సమ్మ మాత్ర ఇచ్చినప్పుడల్లా "ఇది ఏం మందమ్మా, ఇస్తే ఏం కాదు కదా?" అని అడుగుతాండా. ఆమె చెప్తాది. నాకు అర్థం కాదు. నాయన నోరు తెరుస్తాడు, మింగిస్తా.

ఇంతకంటే రాసేకి రాలేదు. అచ్చరాలు యాడన్నా తప్పు పోయింటే మీరే సరిచేసి సదువుకోని, నన్ను మన్నించండి.