ఐదు ముక్కల పేరు

ఈ రోజు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వచ్చే బస్సులో, నేను రిటైరైన ఇంగ్లీషు మాస్టారినని తెలిసి, పక్క సీటులో ఆవిడ ఆసుపత్రి కాగితం నా చేతికిచ్చింది. ఆవిడ భర్త చేపల చెరువుల్లో వలలు లాగుతాడట, ఆయన చేతులు సన్నబడిపోతున్నాయట.

"ఈ జబ్బు పేరు పలకడం నేర్పండి మాస్టారూ. పెద్దాసుపత్రిలో అడిగితే చెప్పాలి కదండీ."

పేరులో నోరు తిరగని మొదటి మాటని ఎ-మయ్-ఓ-ట్రో-ఫిక్ అని ఐదు ముక్కలు చేసి పలికించాను. అక్కడితో ఊరుకోవలసింది. పాత అలవాటు కదా, గ్రీకు మూలం కూడా విప్పాను. "'ఎ' అంటే లేదని, 'మయో' అంటే కండ, 'ట్రోఫ్' అంటే పోషణ. కండకి తిండి అందడం లేదని అర్థం అమ్మా."

ఆవిడ ముఖం పాలిపోయింది. "రెండు పూటలా కొర్రమీను పులుసేనండీ. నేను తిన్నా తినకపోయినా ఆయనకి తక్కువ చెయ్యలేదండీ."

అది నరాల జబ్బని, ఆవిడ తప్పేమీ లేదని భీమడోలు దాకా చెబుతూనే ఉన్నాను. తలూపింది. అక్కడ దిగేటప్పుడు ఐదు ముక్కలూ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పి, "వండి పెట్టేది నేనే కదండీ" అంది.

ముప్పై ఏళ్ళు అర్థాలు చెప్పి బతికినవాణ్ణి. మీరైతే ఈ ఒక్క అర్థం దాచేవారా?