బొద్దక్షరాల్లో గార్ల పుల్లయ్య

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఎండాకాలంలో జనగామలోని ఒక చిన్న అచ్చుకూటంలో కంపోజిటర్‌గా చేరాను. కంపోజిటర్ అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, తిరగేసి పేర్చేవాడు. ఊళ్లకు ఊళ్లే తిరగబడుతున్న రోజుల్లో అదేమంత వింత ఉద్యోగం కాదు.

మా దగ్గర ఒక గళ్లపెట్టె నిండా బొద్దక్షరాలుండేవి. లావుగా, గుండ్రంగా, మూలలనేవి లేకుండా, అప్పుడే పాలు తాగి లేచిన పసిపిల్లల్లా కనిపించేవి. పెళ్లిపత్రిక, సర్కస్, మిఠాయి దుకాణం: వీటికి వాటిని మించినవి లేవు. ఆ ఏడు పెళ్లిళ్లు తక్కువ. సర్కస్ అసలే రాలేదు.

అమీను, అంటే ఠాణా పెద్ద, వచ్చాడు. దళంలో కలిసిన గార్ల పుల్లయ్యను పట్టివ్వాలని గోడకాగితం వేయాలి. మామూలు అక్షరాలు చూపించాను.

"గివి చీమల్లెక్కున్నయ్. దూరంకెల్లి కనవడాలె," అంటూ బొద్దక్షరాల మీద చెయ్యి వేశాడు.

"అవి పెండ్లిళ్లకు వాడేటియి, సాబ్."

"నేను జేసేది గూడ వాని పెండ్లే."

ఆ గళ్లలోంచే అక్షరాలు ఏరి పేర్చాను.

కాలితో తొక్కే అచ్చుయంత్రం మల్లయ్యది. అతని ఊరూ గార్లే. చదువు రాదు. మొదటి ప్రతి శుభ్రంగానే వచ్చింది, అమీను ఒప్పుకున్నాడు. కానీ బొద్దక్షరాలు సిరా బాగా తాగుతాయి. కాగితాలు పడేకొద్దీ "ప" తలకట్టు కింది సందు సిరాతో పూడిపోయి, కొమ్ముతో కలిసి "పు" కాస్తా "మ"లా దిగింది. తడి ఆరకముందే జవాన్లు ఎత్తుకుపోయారు. గోడలెక్కేసరికి పుల్లయ్య మల్లయ్య అయ్యాడు.

ఆ వారమే మల్లయ్య ఊరికి బయలుదేరాడు. మానుకోట స్టేషన్లో ఆ కాగితం కనిపించగానే పక్కనున్న జవానుతో, "గిది నేనే కొట్టిన," అన్నాడట. జవాను పేరడిగాడు, చెప్పాడు. ఊరడిగాడు, అదీ చెప్పాడు. అక్కడే పట్టుకుని ఠాణాలో వేశారు. నిజం చెప్పడం ఆ రోజుల్లో మందులేని జబ్బు.

మల్లయ్య భార్య వచ్చి, "అన్నా, ఆ అచ్చరాలు మీయే గదా. జర మీరే జెప్పి ఇడిపియ్యుండ్రి," అంది. "పు", "మ" ముక్కలు జేబులో వేసుకుని మానుకోట ఠాణాకు వెళ్లాను. అక్కడి అధికారి రెంటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెండు గూడ గుండ్రంగనే ఉన్నయ్ గదా?"

ముక్కలు తిరిగి జేబులో వేసుకున్నాను. అసలు సంగతి చెప్పగలిగింది జనగామ అమీను ఒక్కడే. ఆయన అప్పటికే భూపాలపల్లి అడవుల్లో అసలు పుల్లయ్యను వెతుకుతున్నాడు.

వానాకాలం వెళ్లాక ఆయన తిరిగొచ్చి ఒక్క మాట చెబితే మల్లయ్యను వదిలారు. ఎడ్లబండిలో తెచ్చుకున్నాం. యంత్రం తొక్కే కాలు మళ్లీ పనికి రాలేదు. బండి దిగుతూ అడిగాడు: "నా పేరు గంత పెద్దగ మల్లెప్పుడన్న పడ్తదా, అన్నా?"

పడలేదు. ఉద్యోగం విరమించేదాకా ఆ అక్షరాలను పెళ్లికి, సర్కస్‌కు, మిఠాయికి తప్ప వాడలేదు. తప్పు చదివినా ఎవరికీ ఏమీ కాని చోటే వాటి చోటు.