టీచరమ్మ వాటా

నా మొదటి ఉద్యోగం ఒక అబద్ధం మీద వచ్చింది. అది అబద్ధమని ఎవరూ పట్టుకోలేదు. ఇంటర్వ్యూ చేసినాయనకు ఇప్పుడు నా మొహం కూడా గుర్తుండదు. నాకు మాత్రం ఏ సంతలోనైనా ఎండు నెత్తళ్ళ వాసన తగిలితే చాలు, తల దానంతటదే వంగిపోతుంది.

మాది కొడవలూరు దగ్గర వరి పండించే పల్లె. కావలిలో డిగ్రీ చదివాను, లెక్కలు నా సబ్జెక్టు. అది పూర్తయి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను. మా గడప తొక్కినవాళ్ళంతా మంచినీళ్ళు తాగకముందే అడిగే ప్రశ్న ఒకటే: "అమ్మాయి ఏం చేస్తా ఉంది?" అమ్మ నా వైపు చూసేది. నేను గోడ వైపు చూసేదాన్ని. అలాంటి రోజుల్లో, కాలేజీలో మాకు లెక్కలు చెప్పిన మేడం ఫోన్ చేశారు. బోగోలు దాటి వెళ్తే సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉందనీ, అక్కడ చేపలమ్ముకునే ఆడవాళ్ళు ఐదుగురు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టారనీ చెప్పారు. మిగతా సబ్జెక్టులు ఎవరో చూస్తున్నారు గానీ లెక్కలకు మనిషి లేదట. "వారానికి నాలుగు మధ్యాహ్నాలు వెళ్తావా? జీతమేమీ ఉండదు" అన్నారు.

క్షణం ఆలోచించకుండా వెళ్తానన్నాను. సేవాగుణం పొంగిపొర్లి కాదు. ఇంటికొచ్చినవాళ్ళకు చెప్పడానికి ఒక జవాబు దొరికిందని.

నాన్నకు నచ్చలేదు. "ఊరోళ్ళకి చదువు చెప్పేదానికి పోతే నీ ఉద్యోగం ఎవురు ఎతుకుతారుమా?" అన్నాడు.

"రెండూ చేస్తా నాన్నా" అన్నాను. గోడ మీద పిల్లి కూడా అలాగే అనుకుంటుంది కాబోలు, రెండిళ్ళూ తనవేనని.

తరగతి తుఫాను షెల్టరు మేడ మీద జరిగేది. ఆడవాళ్ళు పొద్దున్నే చేపల గంపలతో కావలి పోయి, అమ్ముకుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఇంత అన్నం తిని పుస్తకాలు పట్టుకుని మెట్లెక్కేవాళ్ళు. వాళ్ళలో అందరికంటే పెద్దామెకు ముప్పై ఐదేళ్ళు దగ్గరపడుతున్నాయి. ఆమెను నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. మిగిలిన నలుగురూ ఆమె వస్తే వచ్చేవాళ్ళు, ఆమె రాకపోతే మానేసేవాళ్ళు.

అక్కకు పదో తరగతి మోజు కోసం కాదు. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు ఆ ఏడాది రిటైరవుతోంది. పదో తరగతి పాసైన ఆ ఊరి కోడలికి ఆ పోస్టు వచ్చే వీలుంది. ఇరవై ఏళ్ళు గంప మోసి మోసి అక్క మెడ పట్టేసింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక, మనిషంతా తిరిగేది. "నాకు పెద్ద ఆశలేం లేవు టీచరమ్మా. ఈ గంప దించాల. దించి, కుర్చీలో కూకోని, పిల్లకాయలకి గుడ్డు పెట్టాల" అంది మొదటిరోజే.

ఆమె లెక్కల్లో మొద్దు కాదు. ఆమెకు తెలిసిన లెక్కకూ పుస్తకంలో లెక్కకూ పరిచయం లేదు, అంతే. "ఈ ఎక్సు ఎవురు?" అని అడిగింది ఒకరోజు. తెలియని సంఖ్య అన్నాను. "తెలీనోడికి పేరు పెట్టి, వాడితో ఇంత పని చేయిస్తారా?" అని పడీపడీ నవ్వింది. భిన్నాలు మాత్రం ఆమే నాకు నేర్పిందనాలి. చేపలు పంచేటప్పుడు పడవకు ఇన్ని వాటాలు, వలకు ఇన్ని, తాడు లాగినవాళ్ళకు ఇన్ని అని ఇసుకలో గీతలు గీసి చూపించింది. ఆ గీతలతోనే నేను బోర్డు మీద భిన్నాలు చెప్పాను. ఐదుగురికీ ఒక్క పూటలో వచ్చేశాయి. ఆ సాయంత్రం బస్సులో నేనొక గొప్ప టీచరునని మురిసిపోయాను.

ఇంకొక రోజు పాఠం మొదలుకాకముందే కింద కేకలు వినిపించాయి. అలివి వలలో నిండుగా నెత్తళ్ళు పడ్డాయి. అది పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వేసే పెద్ద వల. దాని రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున నిలబడి జనం లాగాలి. బరువు ఎక్కువైన రోజున ఆడవాళ్ళు కూడా తాడు పడతారు. పుస్తకాలు వదిలేసి అందరూ పరుగెత్తారు, నేనూ పరుగెత్తాను. తాడు మీద నా వెనకే అక్క. నాలుగు అడుగులు వెనక్కి లాగానో లేదో, అరచేతులు మంటపుట్టి వదిలేశాను. నా బరువు కూడా ఒక్కసారిగా అక్క చేతుల మీద పడి తాడు జారింది. ఆమె అరచేతిలో తోలు లేచిపోయింది.

నేను ఏడుపు మొహం పెట్టాను. అక్క చేతిని అలలో ముంచి, పళ్ళు బిగించి అంది: "వదిలేది తప్పు కాదుమా. అందురికీ చేతులు నొస్తాయి. చెప్పి వదలాల. 'వదులుతుండా' అని ఒక్క కేకేస్తే ఎనకున్నోళ్ళు కాలు తన్నిపెట్టుకుంటారు."

పంపకాలప్పుడు ఊరి పెద్ద ఒక చిన్న కుప్ప విడిగా తీయించి, "ఇది టీచరమ్మ వాటా" అన్నాడు. సగంలో వదిలేసినదానికి వాటా ఏమిటని సిగ్గుపడ్డాను. "ఊరి పని చేసేవాళ్ళు తాడు పట్టినా పట్టకున్నా వాటా ఉంటాదిమా" అన్నాడాయన. ఆ ఊళ్ళో ఒకసారి ఏర్పడిన వాటా ఆ మనిషి నోటితో వద్దంటే తప్ప ఆగదు. అప్పటినుంచి అలివి వల పడ్డప్పుడల్లా నాకు వాటా తీసేవాళ్ళు. నేను లేని రోజు అక్క తీసుకుని ఉంచేది.

ఆ చేపలు నాకు సంతోషమేనని చెప్పుకోవాలని ఉంది. కానీ బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకుంటే నాకు ఆ ఊరి మీదే కోపం వచ్చేది. ఇంటికొచ్చి రెండుసార్లు తల రుద్దుకునేదాన్ని. నా వయసు వాళ్ళు బెంగళూరులో మెడలో ఐడీ కార్డులతో ఫోటోలు పెడుతుంటే, నేను చేపల సంచీతో బోగోలు రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉన్నాననిపించేది. ఆరంభశూరత్వమంటారే, నాకు అది మూడో నెలలోనే ఆవిరైపోయింది. బయటికి మాత్రం సేవ, సేవ అంటూనే ఉన్నాను.

నెల్లూరులో ఒక కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూలు పెడితే వెళ్ళాను. ఉద్యోగం చెన్నైలో. నా కాగితాలు తిప్పుతున్న ఆయన ఆవులింత ఆపుకుంటున్నాడు. చివరి వరసలో, మత్స్యకార మహిళలకు స్వచ్ఛందంగా బోధన అని రాసి ఉన్నదాని దగ్గర ఆగాడు. చెప్పమన్నాడు. చెప్పాను. ఇసుకలో గీతలు, వాటాలు, భిన్నాలు, అక్క పట్టేసిన మెడ, ఆమె దించాలనుకున్న గంప, అన్నీ చెప్పాను. ఆమె నాకు నేర్పినదాన్ని నేను ఆమెకు నేర్పినట్టుగా చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"భలే. మరి ఆవిడ పాసయిందా?" అన్నాడు.

"పాసయింది సార్" అన్నాను.

పరీక్షలకు అప్పటికి ఇంకా ఐదు వారాలున్నాయి.

ఎందుకలా అన్నానో చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. కథ బాగా సాగుతోంది, దానికి మంచి ముగింపు కావాలి. ఆ మనిషి కష్టాన్ని అమ్ముకోవడమే కాకుండా, ఆమె ఇంకా రాయని పరీక్షను కూడా నేనే రాసేసి వచ్చాను.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఇస్తున్నామన్నారు. "చేరడానికి నెల రోజుల గడువుంది. ఎప్పుడు చేరతారు?" అని అడిగిందా అమ్మాయి, చాలా మర్యాదగా. పరీక్షలకు మూడు వారాలు. చెప్పాల్సినవి ఇంకా రెండు పాఠాలు. పరీక్ష అయ్యాక చేరతానంటే సరేననేది. నా చేతిలోకి అంత తేలికైన నిర్ణయం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

"సోమవారమే చేరతానండీ" అన్నాను. నెల రోజుల్లో వాళ్ళ మనసు మారితే ఎలా అన్న భయం ఒకటి ఉంది. అయితే ఆ భయం పావు వంతే. ముప్పావు వంతు, అక్కడికి ఇక వెళ్ళక్కర్లేదన్న ఆనందం. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళను అందరం తిడతాం. నేను తెప్ప మీద ఇంకొకరు ఉండగానే తగలేశాను.

అక్కకు వెళ్ళి చెప్పే ధైర్యం లేక ఫోన్ చేశాను. "కంపెనీవాళ్ళు ఒక్కరోజు కూడా ఆగలేమంటుండారక్కా. పది రోజుల్లో సెలవు పెట్టి వస్తా. ఆ రెండు పాఠాలూ చెప్పేస్తా."

"మంచిదిమా! ఉద్యోగం రావటమే గొప్ప. నువ్వొచ్చేదాకా పాతవి రుద్దుకుంటాంలే" అంది. ఆమె గొంతులో నాకోసం నిజమైన సంతోషం వినిపించింది. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

పది రోజులు గడిచాయి. ఆమె నోటుపుస్తకంలో చేసిన లెక్కల ఫోటోలు వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టింది. సగం మసకగా ఉండేవి. కింద "రైటా?" అని ఉండేది. మొదటి రెండింటికి జవాబిచ్చాను. తర్వాత పని ఎక్కువని వదిలేశాను. తర్వాత పని లేకపోయినా వదిలేశాను. నేను చూసినట్టు ఆమెకు నీలం టిక్కులు కనబడుతున్నాయని గుర్తొచ్చి, అవి కనబడకుండా ఫోన్‌లో మార్చుకున్నాను. నా చదువంతటిలోనూ ఆ వారం నాకు ఉపయోగపడింది అదొక్కటే.

ఫలితాలు మేడం చెప్పారు. మిగతా అన్నిట్లోనూ పాసైన అక్క లెక్కల్లో పోయింది. అంగన్‌వాడీ పోస్టు అదే ఊళ్ళో ఇంకో కోడలికి వచ్చింది.

ఐదు నెలల తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు ఆ ఊరికి వెళ్ళాను. చేతిలో స్వీటు ప్యాకెట్, నోట్లో దారి పొడుగునా కూడబెట్టుకున్న క్షమాపణ. పొద్దున ఎనిమిదవుతోంది. అక్క ఇంటిముందు గంపలో చేపలు సర్దుతోంది. నన్ను చూసి, మనిషంతా తిరిగి, నవ్వింది.

"టీచరమ్మా! చిక్కిపోయినావే. అన్నం తినవా ఆడ?"

నేను కూడబెట్టుకున్నది చెప్పడం మొదలుపెట్టాను. ఆమె సగంలోనే లేచి లోపలికి వెళ్ళి, ఒక గోతం తెచ్చి నా ముందు పెట్టింది. మూతి విప్పితే నిండుగా ఎండు నెత్తళ్ళు.

"నీయే. వల పడ్డప్పుడల్లా తీస్తానే ఉండారు. పది రోజుల్లో వస్తానంటివి గదా. పచ్చివి నిలవుండవని ఎండేసినా."

ఐదు నెలలు. ఆమె పరీక్ష పోయాక కూడా, పోస్టు పోయాక కూడా, నా చేపలను ఇసుకలో ఆరబోసి, కాకుల్ని తోలి, ఎత్తిపెట్టింది.

"అక్కా, మళ్ళీ కట్టు. ఒక్క లెక్కలే గదా. ఆదివారాలు నేనొచ్చి..." అన్నాను.

"చెప్పబాక" అంది. కోపం లేదు. గాయం మీదికి వస్తున్న చెయ్యిని పక్కకు జరిపినట్టు అంది. "పోస్టు పోయినాక పాసెందుకుమా. అది వొదిలెయ్. నాకొకటి చెప్పు. నీ వాటా ఆపమననా? మేమంతట మేం ఆపకూడదు. నువ్వు చెప్పాల."

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చేతిలో పని ఆపి చూస్తున్నారు. నా తరగతిలో కూర్చున్నవాళ్ళే. ఐదు నెలల కింద ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి ఉంటే, మేడం ఇంకొకరిని వెతికేవారు. వీళ్ళు కాలు తన్నిపెట్టుకుని ఉండేవాళ్ళు. అది నాకు అప్పుడూ తెలుసు.

"ఆపమనక్కా" అన్నాను. ఆమెకు వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "నేనిక రాను. ఆపమను."

"సరేమా" అంది. అంతే. చీర కొంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. "ఆటో వచ్చేస్తాది. పట్టు, గంప ఎత్తు."

నేను ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టుకున్నాం. ఎంత బరువుంటుందో నాకు అంతవరకూ తెలియదు. ఆమె దించాలనుకున్న గంపను నేనే ఆమె తలకెత్తాను. మెడ సర్దుకోవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. అంతసేపూ గంపను పట్టుకునే ఉన్నాను.

"వదలనా అక్కా?" అని అడిగాను.

"ఊఁ. వదులు" అంది.