అందుకోవద్దన్న మా అత్త

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చిన ఉదయం మామూలు ఉదయమే. మహదేవపురలో మా వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. సంపు నిండేదాకా పక్కనే నిలబడి లోపలికి వచ్చాను. స్నానం చేసి, వాడిన పూలు తీసి, దీపం వెలిగించాను. స్టవ్ మీద పొంగలి ఉడుకుతోంది. ఫోన్ మోగింది. పూజ మధ్యలో నేను ఫోన్ ఎత్తనని ఇంట్లో అందరికీ తెలుసు. మళ్లీ మోగింది. హారతి ఇచ్చి, కళ్లకద్దుకుని, అప్పుడు తీశాను.

అత్త కొడుకు. నాకు వరసకు మరిది.

"వదినా, కాఫీ ఇచ్చేదానికి పోయినా. అమ్మ లేస్తా లేదు" అన్నాడు.

స్టవ్ ఆపి చెప్పులు వేసుకున్నాను. అత్త ఇల్లు రెండు వీధుల అవతలే.

అత్త పేరున్న గాయని కాదు. పెళ్లికి ముందు కొన్నాళ్లు నేర్చుకుంది, తర్వాత వంటింట్లో పాడుకుంది. మామయ్య పోయాక, మా లేఔట్‌లో యాభై దాటిన ఆడవాళ్లను కూడగట్టి, సరళీ స్వరాల నుంచి మొదలుపెట్టించింది. వాళ్లలో నేనొకదాన్ని.

పక్కింటి పెద్దాయన ఒకసారి గేటు దగ్గర నిలబడి, "ఈ వయసులో పాటలేమమ్మా మీకు?" అన్నాడు.

"ఈ వయసులో మోకాళ్ల నొప్పి రావొచ్చు, బీపీ రావొచ్చు. పాట ఒక్కటే రాకూడదాప్పా?" అంది అత్త.

ఆయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

నాకున్న జబ్బు వేరే. పూజగదిలో చిన్నప్పటి నుంచీ పాడుతున్నాను. ఎదురుగా నలుగురు కూర్చుంటే మాత్రం నాలుక ఎండిపోతుంది, నిన్నటిదాకా నోటికి వచ్చిన పాట ఎటో పోతుంది. అత్త దీనికి మందు ఇంట్లోనే కనిపెట్టింది. పాఠం జరుగుతుండగా గడప తొక్కినవాళ్లెవరైనా సరే, కూర్చుని మాలో ఒకరి పాట వినాల్సిందే. కొరియర్ తెచ్చినవాళ్లు, చందాకు వచ్చినవాళ్లు, ఎవరినీ వదల్లేదు. ఒకరోజు గ్యాస్ సిలిండర్ తెచ్చినతను వాకిట్లోనే దొరికిపోయాడు.

"అమ్మా, ఇంకా శానా ఇండ్లు ఉండాయి" అన్నాడు.

"సిలిండర్ దించు నాయనా. పాట చిన్నదే. పాపా, నువ్వు ఎత్తుకో."

పాప అంటే నేనే. మనవరాలు పుట్టిన తర్వాత కూడా నేను ఆమెకు పాపనే. కళ్లు మూసుకుని ఎలాగో పూర్తి చేశాను. అతను "బాగుండాదమ్మా" అని గబగబా వెళ్లిపోయాడు. అత్త నన్ను వదల్లేదు.

"దేవునికి పాడేటప్పుడు కళ్లు మూసుకో. మనుషులకు పాడేటప్పుడు తెరువు. వాళ్లు నిన్ను తినేదానికి రాలేదు."

మా లేఔట్‌లో శ్రీరామనవమికి పందిరి వేస్తారు. పానకం, పెసరపప్పు కోసంబరి, సాయంత్రం పాటలు. పోయిన సంవత్సరం కమిటీ ఆయన వచ్చి, "ఆంటీ, మీవాళ్లంతా గుంపుగా ఒక పాట పాడేస్తే చాలు, ఫోటోకు బాగుంటాది" అన్నాడు. ఒక్కొక్కరే పాడతారంది అత్త. టైమ్ చాలదన్నాడు. "మీరు మైకు పట్టుకుని మాట్లాడేది కొంచెం తగ్గించుకోండప్పా, చాలతాది" అంది.

మొదటి పాట నాది. కళ్లు తెరిచే పాడాను. పల్లవి అయింది. చరణం దగ్గర మాట పోయింది. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, ముందు పాడే మనిషి ఆగితే వెనక కూర్చున్నవాళ్లు అందుకుంటారు. వాళ్లు నోరు తెరవబోతుంటే నా పక్కనే కూర్చున్న అత్త చెయ్యి పైకెత్తి ఆపింది. పందిట్లో ఎవరో దగ్గారు. ముందు వరసలో మా చెల్లెలు తల వంచుకుంది. "వేరేవాళ్లను పాడమనండి" అని ఒక గొంతు వినిపించింది. అత్త ఆ గొంతు వచ్చిన వైపు ఒకసారి తేరిపార చూసింది. తర్వాత నా వైపు వంగింది.

"శ్రుతి పెట్టె మోగతానే ఉండాది కదా పాపా. నువ్వింకా పాటలోనే ఉండావు. మళ్లీ పల్లవి ఎత్తుకో."

ఎత్తుకున్నాను. గొంతు చివరిదాకా వణికింది. పాట మాత్రం పూర్తయింది.

దిగాక అడిగాను: "వాళ్లను అందుకోనిచ్చి ఉంటే ఏమైపోయేదత్తా?"

"ఈ సారికి గట్టెక్కేదానివి. వచ్చే సంవత్సరం స్టేజీ ఎక్కేదానివా?"

ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చుంటే ఏడుపు వచ్చింది. సిగ్గుతో కాదు. నా బదులు ఇంకొకరిని పాడనివ్వని మనిషి నాకు ఉందని.

ఆమె పోయిన రోజు సాయంత్రం, అన్నీ అయిపోయాక, వాకిట్లో షామియానా కింద అందరం కూర్చున్నాం. శ్రీరామనవమి పై వారమే. కమిటీ ఆయన పలకరించడానికి వచ్చాడు. కాసేపు కూర్చుని, "ఈసారి మీ ప్రోగ్రామ్ వద్దులేమ్మా. ఆర్కెస్ట్రా వాళ్లను అడిగినాము" అన్నాడు.

"అదే మేలు అక్కా" అన్నాడు మా తమ్ముడు. "అత్తను ఇప్పుడే సాగనంపొచ్చి, వారానికే మైకు ముందర కూచుంటే జనం ఏమంటారు?"

"అననీరా" అన్నాను. "ఈ సంవత్సరం చోటు వదిలితే మళ్లీ ఇవ్వరు. నాతో పాటు నేర్చుకునేవాళ్లంతా ఇండ్లకు పోయి కూచుంటారు. అత్త చేసిందంతా ఆమెతోనే పోతాది. నేను పాడతా."

చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "మళ్లీ మాట మర్చిపోతే?"

"మళ్లీ ఎత్తుకుంటా."

"సరే అక్కా, నేనే తోడుకొని పోతా" అన్నాడు తమ్ముడు.

అప్పటిదాకా తల వంచుకుని ఉన్న మరిది లేచాడు. మాకు మైల మూడు రోజులే. అతను కర్మలు చేసేవాడు, అప్పటికింకా మైలలోనే ఉండేవాడు, పందిట్లోకి రాకూడదు. ఇంట్లో వాళ్లతో ఏదో మాట్లాడి వచ్చి, కమిటీ ఆయన ముందు నిలబడ్డాడు.

"అమ్మ టైమ్ అమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లకే ఉండనీండి సార్. మొదట వదిన పాడతాది. మా ఇంట్లోవాళ్లమంతా రోడ్డు అవతల నిలబడతాము. ఒక స్పీకరు మా తట్టు తిప్పండి."