మాను మీది గొంతు

ఆ సీడీ చేసినోళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

చిత్తూరులో బస్సు కదలగానే డ్రైవరు టీవీలో భారతం నాటకం సీడీ పెట్టినాడు. అర్జునుడు శివుడి కోసం తపస్సు చెయ్యను పాతిన పొడుగాటి తపస్సుమాను ఎక్కుతా, తియ్యగా పద్యం పాడుతున్నాడు. ఆ మాను మీదినుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ కొంగులో పడితే పిల్లలు పుడతారని మావైపు నమ్మకం.

నా పక్కనున్న పెద్దాయన దిగ్గున లేచినాడు.

"ఆపు సామీ! ఆ మొకం నాది, గొంతు నాది కాదు!"

బస్సంతా నవ్వింది. ఆయనకు ఇంకా మండింది.

"నవ్వుతారేమప్పా? పొద్దున్నుంచి పస్తుండి అంత మాను ఎక్కినోడి గొంతు బొంగురుపోకుండా ఉంటాదా? అది బాగలేదని కంప్యూటర్‌లో నా గొంతు తీసేసి, ఎవడో కడుపునిండా తిని, కూర్చుని పాడింది అతికించినారు. నన్నొక మాటన్నా అడిగినారా?"

డ్రైవరు సౌండు పెంచినాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

పెద్దాయన పైనున్న కమ్మీ పట్టుకుని, ఆ పద్యమే ఎత్తుకున్నాడు. గొంతు గరగరమంటా, చీలిపోతా ఉండింది. నవ్వులు ఆగిపోయినాయి.

ముందు సీట్లో ఉన్న ఒకామె లేచింది. టీవీకి వీపు తిప్పి, రెండు చేతులతో ఆయన ముందర కొంగు పట్టింది.