ఆకు పక్కన కొలతకి

శరత్‌చంద్రగారికి రాలబోయే ఆకంటే పిచ్చి. రాలిపోయింది అక్కర్లేదు, లేత చిగురు అసలే అక్కర్లేదు. ఎర్రబడి, తొడిమ వదులై, నేడో రేపో అన్నట్టు ఊగే ఆకు కనబడితే చాలు, నడిరోడ్డు మీదైనా కెమెరా తీసేస్తారు.

పామర్రులో ఆయనకి ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకి విజయవాడ నుంచి డ్రోన్లతో వేరేవాళ్ళు దిగిపోతారు. అశ్రునివాళి ఫ్లెక్సీలకి మాత్రం ఊరంతటికీ ఈయనే దిక్కు.

"రోజంతా పోయినవాళ్ళ మొహాలు, సెలవొస్తే పోబోయే ఆకులు. ఏరికోరి మంచి సంబంధమే చూశారు మావాళ్ళు" అనేది ఆయన భార్య జ్ఞానేశ్వరి.

పేరులో శరత్తు ఉన్నా, మన కొండల్లో ఆకులు రాలేది శిశిరంలో. అందుకని మాఘమాసం రాగానే ఆయన ఒక వ్యాను మాట్లాడి, ఊళ్ళో ముసలివాళ్ళని ఎక్కించుకుని కొండపల్లి కొండలకి బయల్దేరేవారు. పులిహోర డబ్బాతో జ్ఞానేశ్వరి వెనక సీట్లో. ముసలివాళ్ళెందుకంటే, ఆకు ఎంతుందో తెలియాలంటే పక్కన కొలతకి మనిషి ఉండాలిట.

"స్కేలు పెట్టుకోకూడదూ?" అని అడిగిందామె ఒకసారి.

"స్కేలు నవ్వదు."

"ఆకు కొలవడానికి నవ్వెందుకండీ?"

"నీకు ఫోటోగ్రఫీ తెలీదు జ్ఞానేశ్వరీ."

ఆ ఏడు కొండమీద చిరుమాను చెట్లు రాగిరంగు తిరిగాయి. టేకాకులు కాళ్ళకింద అప్పడాల్లా విరుగుతున్నాయి. ఎనభై రెండేళ్ళ హనుమయ్యగారిని ఒక కొమ్మ పక్కన నిలబెట్టారు.

"నన్ను కాదండీ, ఆకుని చూడండి."

"ఏ ఆకయ్యా? అన్నీ ఒకలాగే ఏడిశాయి."

"ఆ కొసన ఊగుతోందే, అది."

హనుమయ్యగారు దాన్ని తేరిపార చూశారు. "అబ్బాయ్, నాకంటే ముందు ఇదే పోయేట్టుందిరోయ్!" అని పకపకా నవ్వారు. కెమెరా క్లిక్కుమంది.

తర్వాత జ్ఞానేశ్వరి అక్క రావమ్మ వంతు. ఆవిడకి ఫోటో అంటే హడలు. భర్తకి ఫోటో తీయించిన నెలకే ఆయన పోయారు. "నన్ను తీయకు మరిదీ, నీకు పుణ్యముంటుంది" అంది.

"మిమ్మల్ని ఎవరు తీస్తున్నారు వదినగారూ? తీసేది ఆకుని. మీరు కొలతకి."

"అలాగైతే సరే" అని ఆవిడ ధైర్యంగా కొమ్మ పట్టుకుంది. "ఇదిగో జ్ఞానం, రాలిపోయే ముందు దీనికి ఇంత రంగొచ్చింది. మనకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి!" అంటూ నోరారా నవ్వింది.

తీరా స్టూడియో గోడమీదికెక్కిన ఫోటోల్లో ఆకులే తప్ప మనుషులుండేవారు కాదు. "నేనేడయ్యా?" అని హనుమయ్యగారు నిలదీస్తే, "ఆ మూలన మీ భుజం ఉంది చూడండి" అనేవారు. హనుమయ్యగారు చుట్టాలందర్నీ తీసుకొచ్చి తన భుజాన్ని చూపించుకునేవారు.

ఇక చావు ఇళ్ళవాళ్ళు తెచ్చేవి ఆధార్ కార్డులు. అందులో ప్రతి ముసలి మొహమూ పోలీసులు పట్టుకొచ్చినట్టే ఉండేది. "ఉండండి, కాస్త సరిచేసిస్తా" అనేవారు శరత్‌చంద్ర. మర్నాటికి ఆ మొహం ఫ్లెక్సీమీద హాయిగా నవ్వుతుండేది. కంప్యూటర్‌లో ఆయన చెయ్యి తిరిగినవాడని ఊరంతా మెచ్చుకునేది. జ్ఞానేశ్వరీ అలాగే అనుకుంది.

అలా మూడు మాఘాలు గడిచాక, శ్రావణమాసం ముసుర్లలో రావమ్మకి జ్వరమొచ్చింది. విజయవాడ ఆసుపత్రిలో నాలుగే రోజులు. ఆవిడ కొడుకు చక్రి ఆ కంగారులో అక్కడే ఆధార్ ఫోటోతో ఫ్లెక్సీ కొట్టించుకొచ్చి సెంటర్లో కట్టించాడు. వానలో దానికింద నిలబడి జ్ఞానేశ్వరి తన అక్కని గుర్తుపట్టలేకపోయింది. మూతపడబోతున్న కళ్ళు, బిగబట్టిన పెదాలు. చెయ్యని తప్పుకి చెంపదెబ్బ తిన్నట్టుంది ఆ మొహం.

తడిబట్టలతోనే స్టూడియోకి వచ్చింది.

"మూడేళ్ళు మా అక్కని ఆ కొండెక్కించారు. మోకాళ్ళు పట్టుకుని, మీకోసం ఎక్కింది. వేల ఆకులు తీశారే, ఒక్కసారంటే ఒక్కసారి దాని మొహం తీశారా? రాలిపోయే ఆకుమీద ఉన్న పాటి ప్రేమ మనిషిమీద లేకపోయిందా మీకు?"

ఆయన కంప్యూటర్ ఆమె వైపు తిప్పారు.

తెరమీద రావమ్మ నోరారా నవ్వుతోంది. కంటికొసల ముడతలు, ముక్కుపుడక, చెంపమీద పుట్టుమచ్చ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. వెనక ఆకులేమో ఎర్రగా అలుక్కుపోయాయి. ఆయన ఒక్కొక్కటే జరుపుతూ పోయారు. హనుమయ్యగారు, వ్యానులో వచ్చే శౌరమ్మ, ఇంకా ఎందరో. వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. ఫ్లెక్సీలమీద ఆమె చూసిన నవ్వులన్నీ ఇవే.

"మరి ఇన్నాళ్ళూ నాక్కూడా చెప్పలేదేం?"

"నేను ఫోటో తీస్తానంటే ఎవరు నిలబడతారు జ్ఞానేశ్వరీ? నన్ను చూస్తేనే ఎవరికో మూడిందని తలుపులేసుకుంటారు. ఆకుని తీస్తానంటే నవ్వుతారు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చక్రి నాకు చెప్పలేదు. కట్టాకే చూశాను. పొద్దున్నించి ఇది ప్రింటుకి పంపుదామని కూర్చుంటున్నాను. వదినగారి నవ్వు చూడలేక లేచిపోతున్నాను."

జ్ఞానేశ్వరి కొంగుతో తల తుడుచుకుని ఆయన పక్కన కుర్చీ లాక్కుంది. ఆ ప్రింటు ఇద్దరూ కలిసి పంపారు.

పెద్దకర్మ నాడు పందిట్లో ఆ ఫోటో పెట్టారు. హనుమయ్యగారు దానిముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇది కొండమీదిది కదూ?"

శరత్‌చంద్ర తల వంచుకున్నారు. ఇక ఏ ముసలాళ్ళూ తమ గుమ్మం తొక్కరనుకుంది జ్ఞానేశ్వరి.

"అబ్బాయ్, అయితే నాదీ ఉందా?"

ఫోన్లో చూపించారు. హనుమయ్యగారు దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "నవ్వు బానే ఉంది కానీ, చొక్కా మాసింది. నలుగురూ చూసేది ఈ చొక్కానా? రేపు మళ్ళీ తియ్యి."

మర్నాడు పదిగంటలకల్లా ఇస్త్రీ చొక్కాతో, తలకి నూనెతో వచ్చి స్టూలుమీద కూర్చున్నారు. వెనక మరో నలుగురు ముసలివాళ్ళు బెంచీమీద. ఏ వంకా లేకుండా ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునేసరికి శరత్‌చంద్రగారు తుడిచిన లెన్సే మళ్ళీ తుడవసాగారు. జ్ఞానేశ్వరే ముందుకొచ్చింది.

"కాస్త నవ్వండి, హనుమయ్యగారూ."

"నవ్వితే పళ్ళు లేవని తెలిసిపోద్దమ్మా."

"ఉన్న రెండూ చూపించండి."

ఆయన మూతి బిగించారు. ఎంతోసేపు నిలవలేదు, ఫక్కున నవ్వేశారు. కెమెరా క్లిక్కుమంది.

"అయింది కదా, లెగవయ్యా" అంది బెంచీమీంచి శౌరమ్మ. "ఇక్కడ నా పౌడరంతా కారిపోతంది."