బాపు గొంతుకు ఒక డబ్బా

గొంతు ఆపరేషన్ అయినప్పటినుంచి మా బాపు, అదే నాన్న, ఫోన్ పట్టడం మానేశాడు. మాట వినబడక ఇటు నేను హలో హలో అంటుంటే విసుగొచ్చి అవ్వకు, అంటే మా అమ్మకు, ఇచ్చేస్తాడు. జైనూర్ దగ్గర మా ఊరి మెథడిస్టు చర్చిలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆయనే. పోయినేడు కోత పండుగకు అద్దె సౌండ్ బాక్సులు పెట్టిస్తే, రెండో వరుస దాటని ఆయన గొంతు ఆ హోరులో మునిగిపోయింది. సగం పాటలో ఆపి కూర్చున్నాడు. ఈసారి అసలు పాడనన్నాడని అవ్వ చెప్పిన రోజునుంచి నాకు కాలు నిలవలేదు.

నేను కరీంనగర్‌లో గిటార్ నేర్పుతాను. పుట్టినరోజులకూ చిన్నచిన్న ఫంక్షన్లకూ వాయిస్తాను. ఎలాగూ నాకొక చిన్న ఆంప్లిఫయర్ కావాలి. బాపుకూ నాకూ కలిపి ఒకటే కొందామని దుకాణానికి పోయాను.

"గిది తీస్కోండ్రి మేడం, బేస్ దద్దరిల్లుతది. లైట్లు గూడ మెరుస్తయ్" అన్నాడు దుకాణదారు.

దద్దరిల్లేది నాకు వద్దు. ఒంటిచేత్తో మోయగలగాలి, కరెంటు పోయినా బ్యాటరీతో నడవాలి, గిటార్‌కూ మైకుకూ వేర్వేరు వాల్యూమ్ గుబ్బలుండాలి. ఆయన్నే మైకులో మెల్లగా మాట్లాడమని నేను రోడ్డవతలికి పోయి నిలబడ్డాను. మొదటిదాంట్లో మాట కుండలోంచి వచ్చినట్టుంది. రెండోదాంట్లో మోత తప్ప మాట లేదు. మూడోది అన్నిటికన్నా చిన్నది. "మేడం, ఎండల నిలవడకుండ్రి" అన్న మాట రోడ్డు దాటి నా చెవికి స్పష్టంగా వచ్చింది. అదే కొన్నాను. మీరూ కొనేటప్పుడు డబ్బా ముందు కూర్చుని మురిసిపోకండి, దూరం పోయి వినండి.

శనివారం పొద్దున ఆరింటికి మంచిర్యాల బస్సెక్కాను. వీపున గిటార్, ఒళ్లో డబ్బా. కండక్టర్ ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇస్తూ, "నీకంటే ఫ్రీ అక్కా, మరి గీ డబ్బాకు కొట్టాల్నా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బాపు పాడకపోతే ఇదంతా దండగ అన్న ఆలోచనే తిరుగుతోంది. గోదావరి దాటేదాకా బ్యాగు జిప్పు తీయడం, పెట్టడం.

మంచిర్యాల స్టేషన్‌లో ఇడ్లీ తిని, రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకు తిరిగాను. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగి, ఆటోలో ఆసిఫాబాద్ చేరి, జైనూర్ బస్సు పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. కెరమెరి ఘాట్‌లో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా డబ్బాను రెండు చేతులా వాటేసుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ చూసి చూసి, "పసిపిల్లనా బాయి, గట్ల వట్టుకున్నవ్? జర కాలు సాపు" అంది.

ఇంట్లో బాపు డబ్బాను చూసి మొహం తిప్పుకున్నాడు. "మల్లా మోతనేనా?" అన్నది పెదవుల కదలికను బట్టి తెలిసింది.

మర్నాడు చర్చిలో డబ్బాను నేలమీద పెట్టలేదు. అక్కడ పెడితే శబ్దాన్ని ముందు వరుసే మింగేస్తుంది. కానుకల బల్ల పక్కన ఎత్తు పీట వేసి, కూర్చున్నవాళ్ల చెవుల ఎత్తుకు పెట్టాను. మైకు డబ్బాకు వెనక ఉండాలి, ఎదురుగా వస్తే కూత పెడుతుంది. గిటార్ తగ్గించి, మైకు గుబ్బ సగం తిప్పి బాపు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పాట ఎత్తుకున్నాడు. బొంగురుగానే ఉంది, కానీ గుమ్మం దగ్గర పిల్లల్ని ఆడిస్తున్న ఆడవాళ్లు తలెత్తి పల్లవి అందుకున్నారు. నాకు కళ్లు మసకబారి రెండుసార్లు తప్పు తీగ మీటాను.

ఆరాధనయ్యాక వేలం. పంటలో తొలి భాగాన్ని బల్ల దగ్గర పెడతారు, అక్కడ పెట్టింది దేవుడిది, కావాలంటే వేలంలో కొనుక్కోవాల్సిందే. సంఘపెద్ద దేవదానం మామ మా మైకులోనే గుమ్మడికాయలు, జొన్న కంకులు, పత్తి మూట వేలం వేశాడు. తర్వాత మా డబ్బా మీద చెయ్యి పెట్టాడు. ఎవరో దానికీ బంతిపూలు చుట్టారు.

"ఇగ గిది మన పాటగాని బిడ్డ దెచ్చిన కానుక!"

"మామా, అది కానుక గాదు!" అని లేచాను. బాపు నా మోచెయ్యి పట్టి ఆపాడు. అప్పటికే దుబాయ్‌లో కొడుకున్న రాజన్న రేటు మొదలుపెట్టేశాడు. ఆ రేటు నాకు అందేది కాదు.

బాపు నడిచి వెళ్లి మామ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"మా ఇంటి పుంజునిస్త."

"కోడికి డబ్బా యాడనన్న ఇస్తరా, బావా?" అన్నాడు దేవదానం మామ.

బాపు జనం వైపు తిరిగాడు. "ఎనకున్నోళ్లకు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది!" అని గుమ్మం దగ్గరినుంచి కేక. రాజన్న నవ్వుతూ కూర్చున్నాడు. "ఇయ్యుండ్రి ఆయనకే. గా గొంతు మీద నేనేం రేటు చెప్త?"

సోమవారం పొద్దున బాపు డబ్బాను నా ముందు పెట్టాడు, నా ఫంక్షన్లకు తీసుకుపొమ్మన్నట్టు. నేను మైకు వైరు చుట్టి ఆయన మంచం పక్కనే పెట్టేశాను. వాయించేచోట జనాన్ని దగ్గరగా కూర్చోమంటాను, అంతే.

తిరుగు బస్సులో ఒళ్లు తేలిగ్గా ఉన్నా చేతులకు తోచలేదు. కెరమెరి దాటాక ఫోన్ మోగింది. అవ్వేమో అనుకుని ఎత్తితే చెవి చిల్లులు పడేంత కూత, దాని వెనకే బొంగురు గొంతు.

"యాడిదాక వోయినవ్ బిడ్డా?"

బస్సులో అందరూ నావైపు చూశారు.

"ఘాట్ దిగిన బాపూ. మైకు డబ్బా ఎనకకు వట్టుకో" అన్నాను. కూత ఆగింది. ఆసిఫాబాద్ వచ్చేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.